ధ్రువయాన్ ఆదివారాలు

ముద్ఖేడ్,
జూన్ మొదటి వారం.

గౌరవనీయులైన ఇందుబాయి గారికి,
సంగన్న కొడుకు గోవింద్ నమస్కారాలు.

నేను గుర్తున్నానో లేదో. బిలోలి దగ్గర మన ఊళ్ళో, మీ ఇంటి వెనక వాడలో ఉండేవాళ్ళం. మా అమ్మ పెంటవ్వ మీ పొలంలో కలుపుకు వచ్చేది. ఇప్పుడు నేను ముద్ఖేడ్‌లో రైల్వేలో కరెంటు పని చేస్తున్నాను. నాన్న పోయాడు. అమ్మ నా దగ్గరే ఉంది.

మొన్న ఆదివారం మరాఠీ పేపర్లో మన చిన్నప్పటి టీవీ సీరియల్ ‘ధ్రువయాన్’ మీద పాఠకుల జ్ఞాపకాలు వేశారు. అందులో మీ ఫొటో చూశాను. జుట్టు తెల్లబడినా గుర్తుపట్టాను. పేపరు వాళ్ళకు ఫోన్ చేసి బతిమాలితే మీ చిరునామా ఇచ్చారు. తప్పయితే క్షమించండి.

మీరు రాసింది చదువుతుంటే అంతా కళ్ళముందు తిరిగింది. అంతరిక్ష ఓడ తలుపులు వాటంతటవే పక్కకి జరిగేవి, ఒకసారి తాడు లాగే మనిషి మోచెయ్యి కనపడింది. నక్షత్రాల్లో ఒకటి ఎప్పుడూ మిణుకుమిణుకుమని ఆరిపోతుండేది. అది బల్బని నాకప్పుడే తెలుసు, అందుకే కరెంటు పనిలోకి వచ్చానేమో. మీరు గుమ్మంలో కూర్చుని హిందీ మాటలన్నీ మన తెలుగులో చెప్పేవారు. మరమనిషికి మాత్రం మరాఠీ పెట్టారు, మన ఊరి భూముల లెక్కలు రాసే తలాఠీ గొంతుతో. “అర్జ్ ద్యా, ఉద్యా యా”, అర్జీ ఇచ్చి రేపు రండని అది అనగానే మేం పడీపడీ నవ్వేవాళ్ళం. నిజం చెప్తున్నాను, ధ్రువయాన్ తెలుగు సీరియల్ కాదని నాకు చాలా ఏళ్ళదాకా తెలియదు.

ఊరి పిల్లలందరూ పెద్ద గదిలో ఒకే చాప మీద కూర్చుని చూసేవాళ్ళమని రాశారు. ఆ చాప మాత్రం నాకు గుర్తులేదు. చిన్నవాణ్ణి కదా.

ఉంటాను.
గోవింద్


నాందేడ్, వజీరాబాద్,
జూన్ మూడో వారం.

చిరంజీవి గోవింద్‌కు ఇందక్క దీవెనలు.

గుర్తున్నానో లేదో అంటావా! ముక్కు కారుతుంటే చొక్కా చేతికి తుడుచుకుని, అందరికంటే ముందు “ఏమంటుండు అక్కా?” అని అడిగేవాడివి నువ్వే కదా. కప్తాన్ సమర్ ఇంకా నోరు తెరవకముందే అడిగేవాడివి. నీ తొందరకి నేను సగం మాటలు సొంతంగా అల్లేదాన్ని.

నీ ఉత్తరం చేతిలోకి రాగానే ఎవరో బాకీ నోటీసు పంపారనుకున్నాను. ఈ ఇంటికి తెలుగు అక్షరాలతో కవరు రావడం ఇదే మొదలు. మనూరి నాలుగో తరగతి తెలుగు బడి ఎంత పనికొచ్చిందో చూడు! మాట్లాడితే మన తెలుగొస్తుంది కానీ, కాగితం మీద పెడితే నాకింకా ఆ బడి తెలుగే వస్తోంది. నీకూ అంతేనని తెలిసి సంతోషమేసింది.

నా సంగతి. ఆయన పోయి నాలుగేళ్ళు. పిల్లలు లేరు. మేడ మీద ఒక గది, వంటిల్లు. అసలు సంగతి ఏమిటంటే నాకు చెవులు పోయాయి గోవింద్. మూడేళ్ళుగా తగ్గుతూ తగ్గుతూ మొన్నటి చలికాలానికి పూర్తిగా ఆరిపోయాయి. డాక్టరు మిషన్ పెట్టాడు, అందులో గాలి హోరు తప్ప ఏమీ రాదు. కింద ఇంటి ఉమాబాయి వచ్చి చేతులూపుతుంది, నేను తలూపుతాను. దాంతో ఆ పూట మాటలు అయిపోతాయి. ఒక్కోసారి రోజంతా నోరు తెరవలేదని రాత్రి పడుకునేటప్పుడు గుర్తొస్తుంది. అప్పుడు గోడ మీద ఫొటోలో ఉన్న ఆయనతో ఏదో ఒకటి అంటాను. నా గొంతు నాకే వినపడదు కాబట్టి అన్నానో లేదో కూడా తెలియదు.

ఇప్పుడు ధ్రువయాన్ మళ్ళీ వస్తోంది, తెలుసా? దాన్ని తీసినవాళ్ళు ప్రతి ఆదివారం ఒక భాగం ఇంటర్నెట్‌లో పెడుతున్నారట. మా తమ్ముడి కొడుకు నితీశ్ వచ్చి నా టీవీకి కలిపి వెళ్ళాడు. మొదటిసారి ఆ ఓడ కనపడగానే ఏడ్చాను. తర్వాత వాళ్ళంతా నోళ్ళు ఆడిస్తూ తిరుగుతుంటే కూర్చుని చూశాను. కింద అక్షరాలు వేయలేదు. పాత మాటలు గుర్తు తెచ్చుకుందామంటే, నాకు గుర్తున్నవన్నీ నేను అల్లినవే.

ఒక పని చెయ్యి. ఆదివారం వచ్చెయ్యి. రైలెక్కితే అరగంట. నువ్వు పక్కన కూర్చుని మెల్లగా తెలుగులో చెప్తే పెదాలు చూసి కొంత పట్టుకోగలను. జొన్నరొట్టె, వంకాయ చేస్తాను. వస్తావు కదూ?

ఇందక్క


ముద్ఖేడ్,
జూలై.

ఇందక్కకు నమస్కారాలు.

చెవుల సంగతి చదివి చాలా బాధేసింది.

ఆదివారాలు నాకు డ్యూటీ పడుతోంది అక్కా. వానాకాలం, ఎక్కడ వైరు తెగుతుందో ఎవరూ చెప్పలేరు. కాబట్టి ఇంకో ఉపాయం ఆలోచించాను. ఆదివారం భాగాన్ని నేను ఫోన్లో చూసి, ఎవరు ఏమన్నారో వరసగా తెలుగులో రాసి సోమవారం పోస్టు చేస్తాను. మీకు బుధవారమో గురువారమో అందుతుంది. కాగితం ఒళ్ళో పెట్టుకుని చూడండి. తెర మీద ఏ బొమ్మ ఉందో కూడా పక్కన రాస్తాను, ఎక్కడున్నారో తెలిసేలా.

ఇదిగో, ఈ వారానిది జతచేశాను. మొదలు ఇలా ఉంటుంది:

(ఓడ ముందుగది. ఎర్ర దీపం.)
సమర్: మనం దారి తప్పామా?
డాక్టర్ మీరా: దారి ఉంటేనే కదా తప్పడానికి.
మరమనిషి: ఇంధనం సగమే ఉంది.

మరమనిషి మాట అచ్చంగా అంతే అక్కా. అర్జీ లేదు, రేపు రమ్మనడం లేదు. వింటుంటే ఎంత చప్పగా ఉందో! నేను నవ్వుదామని సిద్ధంగా కూర్చున్నాను, నవ్వే రాలేదు.

గోవింద్


నాందేడ్,
ఆగస్టు.

చిరంజీవి గోవింద్‌కు,

బుధవారం నాకు ఆదివారమైపోయింది. పోస్టుమన్ కైలాశ్ మెట్లెక్కుతుంటే కిటికీలోంచి చూసి ఎదురెళ్తున్నాను. అతను నన్ను చూసి నవ్వి కవరు పైకెత్తి ఊపుతాడు. రైలుకి అరగంట, నీ ఉత్తరానికి మూడు రోజులు. దానికంటే నువ్వు నడిచొచ్చినా ముందే చేరతావు.

తలుపేసుకుని, టీ పెట్టుకుని, కాగితాలు ఒళ్ళో వేసుకుని కూర్చుంటాను. ఒక కన్ను టీవీ మీద, ఒకటి నీ అక్షరాల మీద. సమర్ నోరు తెరిస్తే ఒక లైను. మీరా తల తిప్పితే ఇంకో లైను. మొదట్లో వెనకబడిపోయేదాన్ని, ఇప్పుడు చెయ్యి తిరిగింది. నిన్నయితే ఒకచోట నాకు నిజంగా మాట వినపడినట్టే అయింది. అది సమర్ గొంతు కాదు. నీ చిన్నప్పటి గొంతు, ముక్కుతో మాట్లాడే గొంతు.

కానీ పంతులూ, నీ తెలుగు మరీ గవర్నమెంటు కాగితంలా ఉంది. “మనం దారి తప్పామా” ఏమిటి? నేనప్పుడు “ఏడికచ్చి పడ్డంరా దేవుడా” అని చెప్పాను. మరమనిషికి మళ్ళీ తలాఠీ గొంతు పెట్టు, నా పర్మిషన్ ఉంది.

ఇక వానలు కాస్త తెరిపిచ్చాయి. ఇప్పుడైనా వస్తావా? ప్రతి ఉత్తరంలోనూ అడుగుతున్నాను, నువ్వు ప్రతి ఉత్తరంలోనూ ఏదో ఒక వైరు తెగిందంటున్నావు. నువ్వు రాలేకపోతే నేనే వస్తాను. స్టేషన్ నుంచి మీ ఇల్లెటో రాసి పంపు. పెంటవ్వను చూసి కూడా ఎన్నేళ్ళయిందో. ఈ గదిలో నాకు గోడలు తప్ప మనుషులు కనపడటం లేదు గోవింద్. సిగ్గు విడిచి చెప్తున్నాను, నాకు ఒక మనిషి కావాలి. పక్కన కూర్చుని ధ్రువయాన్ చూసే మనిషి.

ఇందక్క


ముద్ఖేడ్,
సెప్టెంబరు.

ఇందుబాయి గారికి నమస్కారాలు.

ఈ వారం బద్రీ మిస్త్రీ భాగం వచ్చింది. నీలం గ్రహం మీద ఓడ బాగుచేసిన మిస్త్రీని అక్కడే వదిలేసి వెళ్ళే భాగం. దాని కోసం నేను జూన్ నుంచీ ఎదురుచూస్తున్నాను. చిన్నప్పుడు దాన్ని తలుచుకుని ఎన్ని రాత్రులు ధైర్యంగా నిద్రపోయానో! నాన్న భివండీ మగ్గాల పనికి వెళ్ళి ఏడాది దాకా జాడ లేని రోజులవి. మీరు చెప్పిన మాట ఇప్పటికీ నోటికొచ్చు. సమర్ అతని భుజం మీద చెయ్యేసి, “నువ్వు కావలుండు బద్రీ, మేం పోయి పెద్ద ఓడ తెస్తం, నిన్ను ముందు సీట్ల కూసోబెట్టుకుంట” అన్నాడని చెప్పారు.

నిన్న ఫోన్లో చూశాను. నాలుగుసార్లు వెనక్కి తిప్పి విన్నాను. సమర్ అన్నది ఇదీ: “లోపల జాగా లేదు. నువ్వు బయటే ఉండు.” అంతే. తర్వాత తలుపు పక్కకి జరిగి మూసుకుంటుంది. ఆ తర్వాతి భాగాల కథ కూడా ఇంటర్నెట్‌లో చదివాను. బద్రీ మళ్ళీ ఎక్కడా రాడు.

మీరు గుమ్మంలో కూర్చుని మా వైపు చూసి మాట మార్చారని ఇప్పుడు అర్థమైంది. వాకిట్లో మట్టి మీద కూర్చున్నవాళ్ళకి ఆ మాట ఎలా చెప్పగలరు? మీ మనసు మంచిది. ఆ సంగతిలో నాకు అనుమానం లేదు.

కానీ పేపర్లో మీరు రాసిన చాప నాకు గుర్తులేకపోవడం మతిమరుపు కాదు. మేం దాని మీద ఎప్పుడూ కూర్చోలేదు. మా వాడ పిల్లలం వాకిట్లో ఉండేవాళ్ళం. వాన వస్తే చూరు కింద నిలబడేవాళ్ళం. అందరం ఒకే గదిలో చూశామని వేలమంది చదివే పేపర్లో వేశారు. మీ ఇంట్లో టీవీ పెట్టిన గది గోడల రంగేమిటో నాకు ఈ రోజుకీ తెలియదు.

డ్యూటీ అబద్ధం. ఆదివారాలు నాకు సెలవే. మీ గది గుమ్మం ముందుకి వచ్చి నిలబడితే నాకేమవుతుందో నాకే తెలియక రావడం లేదు. మీరూ ఇక్కడికి రావద్దు. మీరు వస్తున్నారని అన్నందుకే అమ్మ “పటేలింటి బిడ్డ అస్తె నేను బయట కూసుంట తియ్” అంది. నా ఇల్లు అది, నా జీతంతో కట్టిన ఇల్లు. అందులో మా అమ్మ లేచి బయటికి వెళ్ళడం నేను చూడలేను.

ఈ వారం మాటలు జతచేశాను. ఉన్నవి ఉన్నట్టు రాశాను.

గోవింద్


నాందేడ్,
సెప్టెంబరు.

గోవింద్‌కు,

అక్క నుంచి మళ్ళీ ఇందుబాయి గారినయ్యానన్నమాట.

నాకప్పుడు పదహారేళ్ళు. మా నాన్న కిషన్‌రావు కళ్ళెత్తి చూస్తే వంటింట్లో మా అమ్మ చేతిలో గరిటె ఆగిపోయేది. ఆ ఇంట్లో నా మాటకి ఏం విలువుండేదని? వాకిట్లో పిల్లలకి చెప్తున్నానని ఆయన నన్ను ఎన్నిసార్లు కసిరారో నీకు తెలుసా? అయినా ప్రతి ఆదివారం గుమ్మంలోనే కూర్చున్నాను.

జూన్ నుంచి ఇన్ని ఉత్తరాలు రాశావు. నవ్వించావు. నేను బుధవారం బుధవారం కిటికీ దగ్గర నిలబడ్డాను. అన్నాళ్ళూ ఇది కడుపులో పెట్టుకునే రాశావా? మొదటి ఉత్తరంలోనే తిట్టి ఉంటే సరిపోయేది. ఇంత అలవాటు చెయ్యకుండా ఉండాల్సింది.

ఇంక మాటలు పంపనక్కర్లేదు.

ఇందుబాయి


నాందేడ్,
నవంబరు.

చిరంజీవి గోవింద్‌కు,

నువ్వు నిజంగానే పంపడం మానేశావు. నేను వద్దంటే వద్దేనా? నా కోపం చిన్నప్పుడు ఎరగవా!

రెండు నెలలుగా మాటల్లేకుండా చూస్తున్నాను. ఓడ ఎక్కడికి పోతోందో తెలియదు. మొన్న మీరా ఏడ్చింది, ఎందుకో తెలియదు. నేనూ కూర్చుని ఏడ్చాను. కైలాశ్ కవరేమీ లేదని దూరం నుంచే చెయ్యి తిప్పి వెళ్ళిపోతున్నాడు. దీపావళికి నితీశ్ వచ్చి స్వీట్ డబ్బా పెట్టి, ఫోన్ చూసుకుని వెళ్ళాడు. ఆ మధ్యాహ్నం చాలాసేపు గోడకేసి చూస్తూ కూర్చున్నాను. చాప మీద నా పక్కన ఎవరెవరుండేవారో ఒక్కొక్కరినీ తలుచుకున్నాను. మా తమ్ముడు, పక్కింటి రాధాకిషన్, పోలీస్ పటేల్ పిల్లలు. నిన్ను కూడా అక్కడ కూర్చోబెట్టాలని ఎంత ప్రయత్నించినా నువ్వు రాలేదు. నువ్వు ఎప్పుడూ వెలుతురులోనే కనపడ్డావు, కళ్ళు చికిలించుకుని. ఎండలో కూర్చున్నావు కాబట్టి.

ఆ టీవీ గది గోడలకి ఆకుపచ్చ సున్నం ఉండేది. కింద సగం ముదురు రంగు.

ఇప్పుడు అడుగుతున్నాను, ఇంకోసారి అడగను. ఆదివారం పదింటికి వస్తావా? మెట్లెక్కగానే మొదటి తలుపు నాది. తీసే ఉంచుతాను. టీవీ కిటికీ పక్క గోడకి ఉంది కాబట్టి నా వీపు తలుపు వైపు ఉంటుంది. తలుపు కొట్టినా నాకు తెలియదు. నేరుగా లోపలికి వచ్చి నా పక్కన కూర్చో. కుర్చీ వేసి ఉంచుతాను.

ఇందక్క


ముద్ఖేడ్,
నవంబరు, సోమవారం.

అక్కకు,

వచ్చాను.

పదింటికి కొంచెం ముందే వచ్చాను. మెట్లెక్కాను. తలుపు తీసే ఉంది. మీ వీపు, తెల్ల జడ, పక్కన ఖాళీ కుర్చీ, దాని మీద మడిచి వేసిన తువ్వాలు. ధ్రువయాన్ మొదలైంది, పాట నాకు వినపడుతోంది. చెప్పులు విడిచాను.

లోపలికి అడుగెయ్యలేదు. గుమ్మం దగ్గర నిలబడి “ఇందక్కా, నేను గోవింద్‌ని, అచ్చిన” అని పిలిచాను. మీరు తిరగలేదు. మళ్ళీ పిలిచాను, ఇంకొంచెం గట్టిగా. మీకు వినపడదని నాకు తెలుసు అక్కా. మీరు ఎంత వివరంగా రాశారో ఆ ఉత్తరం నా జేబులోనే ఉంది. తెలిసి కూడా పిలుస్తూనే ఉన్నాను. పెద్దింటి గుమ్మం ముందు నిలబడి పిలవడం, లోపల్నుంచి ఎవరైనా అనేదాకా ఆగడం, ఇదే కదా నా కాళ్ళకి వచ్చింది. యాభై ఏళ్ళొచ్చినా, రైల్వే ఉద్యోగం వచ్చినా, కాళ్ళు మాత్రం అక్కడే ఆగిపోయాయి.

కిందామె పైకొచ్చి “కోణ్ పాహిజే?” అని, ఎవరు కావాలని అడిగింది. “గల్తీసే ఆయా” అని, పొరపాటున వచ్చానని చెప్పి చెప్పులు చేతిలో పట్టుకుని దిగిపోయాను. స్టేషన్‌లో బెంచీ మీద రైలొచ్చేదాకా కూర్చున్నాను. మీరు ఆ ఖాళీ కుర్చీ వైపు ఎన్నిసార్లు చూసి ఉంటారో అనుకుంటూనే కూర్చున్నాను.

ఇంటికొస్తే అమ్మ అడిగింది, “లోపటికి పోయినవా బిడ్డా?” అని. “పోయిన” అని చెప్పాను. “ఏడ కూసున్నవ్?” అంది. కుర్చీలో అన్నాను. అమ్మ కొంగు కళ్ళకద్దుకుంది. ఆ అబద్ధాన్ని ఏం చేసుకోవాలో నాకు తెలియడం లేదు అక్కా.

గోవింద్


నాందేడ్,
నవంబరు, గురువారం.

గోవింద్‌కు ఇందక్క దీవెనలు.

నీ ఉత్తరం మెట్ల మీదే కూర్చుని చదివాను. ఉమాబాయి వచ్చి చెయ్యి పట్టుకుని లేపింది. ఆదివారం మధ్యాహ్నమే ఆమె నాకు చేతులూపి ఏదో చెప్పింది, మనిషని, పొడుగని, చెప్పులని. గ్యాస్ సిలిండర్ మనిషి అనుకుని తలూపాను. రొట్టెలు చల్లారిపోయాయి. నువ్వు రాలేదనుకుని నిన్ను నోటికొచ్చినట్టు తిట్టాను కూడా. నా వెనకే ఉన్నావు.

నిన్ను నేరుగా లోపలికి రమ్మని రాయడం నాకు చాలా తేలికయింది. నాకెప్పుడూ ఏ గుమ్మం దగ్గరా ఆగాల్సిన పని పడలేదు. అందుకే నాకు తట్టలేదు.

పెంటవ్వకు చెప్పిన మాట అబద్ధంగా ఉండనివ్వను.

ఈ ఆదివారం టీవీ పెట్టను. ఓడ ఎక్కడికి పోయినా నాకక్కర్లేదు, తర్వాత చూసుకుంటాం. పదింటికి ముందే మెట్ల పైన, తలుపు బయట నిలబడతాను. నువ్వు పిలవొద్దు. నేనే పిలుస్తాను. మా వాకిట్లో పిల్లలకి ప్రపంచంలో మాటలన్నీ చెప్పాను కానీ, “లోపటికి రా గోవింద్” అన్న ఒక్క మాట నా నోట రాలేదు. ఇప్పుడు నా గొంతు ఎంత గట్టిగా వస్తుందో నాకు తెలియదు, నాకు వినపడదు. వజీరాబాద్ అంతా వినపడితే వినపడనీ.

ఇందక్క